మేనకోడలి ఫారం నుంచి నేను తీసేయించింది

హన్మకొండలో నాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. పుట్టినరోజులు, పదవులు, సంతాపాలు, కొత్త దుకాణాల ఓపెనింగులు అన్నీ నా మెషీన్ మీంచే పోతాయి. వాటితో పాటు సర్టిఫికెట్లు. ఇక్కడ ఏ సంఘం ఏ కార్యక్రమం పెట్టినా వచ్చినవాళ్లందరికీ బంగారు రంగు అంచున్న ప్రశంసాపత్రం ఒకటి చేతిలో పెట్టాలి. ఇరవై ఏళ్లుగా ఆ అంచులు వేస్తున్నది నేనే, కాబట్టి వాటి విలువ ఎంతో నాకు తెలుసు. తెలిసి కూడా మా అమ్మాయి కోసం వాటిని పోగుచేశాను. తెలిసి కూడా మా చెల్లెలి కూతురి కాలేజీ ఫారంలో వాటిని పెట్టించి, అసలు పెట్టాల్సినదాన్ని తీసేయించాను. ఆ పిల్లకు ఆ ఏడాది సీటు రాకుండా పోయింది అందుకే. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను.

మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో పదకొండో తరగతిలో చేరినప్పుడు ప్రిన్సిపాల్ తల్లిదండ్రులకు మీటింగు పెట్టింది. ఎంట్రన్సు ర్యాంకు ఒక్కటే కాకుండా పిల్లల మొత్తం ప్రొఫైల్ చూసి సీటిచ్చే యూనివర్సిటీలు ఉన్నాయని, ఢిల్లీ దగ్గర అట్లాంటిది ఒకటి ఉందని చెప్పింది. ప్రొఫైల్ అన్న మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. ఇంటికి వచ్చే దారిలో ప్లాస్టిక్ కవర్లున్న పెద్ద ఫైలు కొన్నాను. ఏడాది తిరిగేసరికి అది మూతపడడం మానేసింది. చదరంగం, కూచిపూడి, రోబోల వర్క్‌షాపు, మొక్కలు నాటుడు, ట్రాఫిక్ ర్యాలీ. చుట్టాలు వస్తే ఆ ఫైలు చేతికిచ్చేవాణ్ని. తెరవకముందే బరువు చూసి "అబ్బో" అనేవాళ్లు. నాకు ఆ అబ్బో చాలు.

హైదరాబాద్ నుంచి ఒక కౌన్సెలర్‌ను కూడా పెట్టుకున్నాం. వీడియో కాల్‌లో మాట్లాడేవాడు. ఫైలంతా స్కాన్ చేసి పంపితే మొత్తం చూశాడు.

"సార్, ఇవి అందరి దగ్గరా ఉంటాయి," అన్నాడు. "ఒక్కటి చెప్పండి. మీరు గానీ టీచర్లు గానీ చెప్పకుండా, మీ పాప తనంతట తాను పట్టుకుని విడవకుండా చేసిన పని ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా పర్లేదు. వాళ్లు వెతికేది అదే."

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె తన గోళ్ల వైపు చూసుకుంది.

"ఉంటది సార్. చేపిస్త," అన్నాను.

"చేపిస్తే అది కాదు సార్," అని నవ్వాడాయన.

అయినా చేయించాను. రఘునాథపల్లి దగ్గర ఒక బడిలో పుస్తకాలు పంచే కార్యక్రమం పెట్టాను. ఫ్లెక్సీ పన్నెండడుగులు, పుస్తకాలు రెండు అట్టపెట్టెలు. మా అమ్మాయి పిల్లల మధ్య కూర్చుని కథ చదువుతున్నట్టు, నిలబడి చదువుతున్నట్టు, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు ఫొటోలు తీశాను. బయల్దేరుతుంటే హెడ్మాస్టర్ కారు దాకా వచ్చాడు.

"పుస్తకాలకు సంతోషం సార్. ఆ ఫ్లెక్సీ కూడ ఇడిచిపెట్టిపోతే వంటరూము మీద కప్పుకుంటం. వానకు కురుస్తాంది."

ఇచ్చేసి వచ్చాం. తిరుగుదారిలో పెండ్యాల దాటాక మా అమ్మాయి నా వైపు తిరిగింది. "డాడీ, ఆ పిల్లల్ని నేను ఒక్క మాట కూడ అడగలే. నువ్వు నన్ను అటు తిరుగు, ఇటు తిరుగు అనుడే సరిపోయింది," అంది.

మా చెల్లె ఎనుమాములలో ఉంటుంది. బావ మార్కెట్ యార్డులో హమాలీ. చెల్లె దగ్గర్లోని ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఎండుమిర్చి తొడిమెలు తీసే పనికి పోతుంది. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. చిన్నప్పుడు మా ఇద్దరిలో చదువు వచ్చింది ఆమెకే. నేను పదో తరగతి రెండోసారి గట్టెక్కాను, ఆమె బడికే ఫస్టు వచ్చింది. ఇంటర్‌కు పంపింది మాత్రం నన్ను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, చెల్లె అసలే ఎత్తదు. నాకే, ఆమె కూతురి మార్కుల గురించి విన్నప్పుడల్లా ఎవరో వెనక నుంచి భుజం మీద తట్టినట్టు ఉండేది.

ఆ పిల్ల అప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడు. మా అమ్మాయిదీ ఆమెదీ ఒకటే ఈడు, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు. ఆ యూనివర్సిటీ సంగతి ఆమెకు చెప్పింది మా అమ్మాయే. "ఫీజు కట్టలేనోళ్లకు అంత వాళ్లే పెట్టుకుంటరట. నువ్వు కూడ వెయ్యి," అంది. నేను పక్క గదిలోంచి విన్నాను. వెయ్యనీ, ఈమె ఫైలులో ఏముందని, అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు షాపుకు వచ్చింది. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు, ఫారం నా దగ్గరే నింపాలి. గడువు ఇంకా నాలుగు రోజులుంది. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్, చేత్తో ఇంగ్లీషులో రాసుకున్న మూడు కాగితాల వ్యాసం, చిన్న గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది.

"మామా, ఇవి స్కాన్ చెయ్యాలె. వ్యాసం జర టైపు చెయ్యాలె. తప్పులుంటే చెప్పు."

మూటలో వేలి తొడుగులున్నాయి. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి తొడుక్కునేవి. మూడింటినీ కలిపి మణికట్టుకు కట్టుకునే నాడా. పైన పాత జీన్సు గుడ్డ, లోపల బనీను గుడ్డ.

"ఏందివి?"

"అమ్మోళ్లకు కుట్టిన."

నోట్‌బుక్ స్కాన్ చేస్తూ చేస్తూ చదవడం మొదలుపెట్టాను. తొడిమెలు తీసేవాళ్ల చేతులు సాయంత్రానికి మండిపోతాయి. కన్ను నలుపుకోలేరు, చంటిపిల్లను ఎత్తుకోలేరు, అన్నం కలుపుకోలేరు. రెండేళ్ల కింద కోడలు, ఎవరెవరు ఆ మంటకు ఏమేం రాసుకుంటున్నారో అడగడంతో మొదలుపెట్టింది. ఆముదం, మజ్జిగ, చింతపండు పులుసు, బెల్లం నీళ్లు. దేనితో ఎంతసేపటికి తగ్గిందో మనిషి మనిషికీ రాసింది. తర్వాత తొడుగుల మీద పడింది. రబ్బరువి తెచ్చిస్తే చెమటకు వేళ్లు ఉడికిపోయాయని పారేశారు. పలచటి గుడ్డతో కుడితే కారం గుడ్డలోకి ఇంకి మంట ఇంకా పెరిగింది. అయిదు వేళ్లకూ కుడితే పని నెమ్మదించి కూలి పడిపోయింది. అప్పుడు రెండు రోజులు షెడ్డులో కూర్చుని, తొడిమె తుంచేటప్పుడు ఏ వేళ్లు పనిచేస్తున్నాయో చూసింది. మూడే. ఆ మూడింటికే కుట్టింది.

ప్రతి మార్పు పక్కన ఎవరు వేసుకున్నారో, ఏమన్నారో ఉంది. ఒక పెద్దావిడ మాట అట్లాగే రాసుకుంది: "ఇది ఏసుకుంటే నా ఏలు నాది కానట్టున్నది. పక్కింటోళ్ల ఏలు అడుక్కొచ్చుకున్నట్టున్నది." ఇంకొకామె: "మంటయితే లేదు గని పిల్లా, దురదపెడితే ఎట్ల గోక్కోవాలె?" దాని కింద కోడలు "నాడా ఒక్క చేత్తో విప్పేటట్టు ఉండాలి" అని రాసి గీత గీసింది. నోట్‌బుక్ చివరికి వచ్చేసరికి ఆ షెడ్డులో ముప్పై మంది దాకా అవి వేసుకుని పనిచేస్తున్నారు.

కౌన్సెలర్ అడిగింది ఇదే. ఎవరూ చెప్పకుండా, విడవకుండా చేసిన పని.

నాలో అప్పుడు పుట్టినదాని పేరు నాకు తెలుసు. కుళ్లు. మెచ్చుకోలు కూడా వచ్చింది, రాలేదనను, కానీ పేజీ తిప్పేసరికి పోయింది. నేను కారు వేసుకుని ఊళ్లు తిరిగి, పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టి, ఎంత వెతికినా దొరకనిది ఈ పిల్లకు వాళ్లమ్మ చేతుల్లోనే దొరికింది. మా చెల్లె చేతులు మండడం కూడా నాకు అదృష్టంలాగే కనిపించింది. అట్లాంటిది నా బిడ్డకు లేకపోయెనే అని బాధపడ్డాను. మా ఆవిడ చేతులు మెత్తగా ఉన్నందుకు ఒక్క క్షణం ఆమె మీద కోపం వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

"మంచిగున్నదా మామా?"

మంచినీళ్లు తాగాను, మాట కూడదీసుకోవడానికి. "మంచిగనే ఉన్నది బిడ్డా. కానీ అంత పెద్ద యూనివర్సిటోళ్లు ఈ మిరపకాయల ముచ్చట చదువుతరా? వాళ్లకు లీడర్‌షిప్ గావాలె, సర్టిఫికెట్లు గావాలె. మా అమ్మ కూలికి పోతదని రాసుకుంటే అయ్యో పాపం అంటరు. పాపమని సీటియ్యరు గదా."

"మా ఇంగ్లీష్ మేడమ్ ఇదే రాయమన్నది."

"మేడమ్‌కు ఏమెరుక? ఏడాది సంది హైదరాబాద్ సార్‌తోని మాట్లాడుతాన నేను. ఆయన ఏం చెప్తడో నాకు తెల్వదా?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన ఏం చెప్తాడో నాకు బాగా తెలుసు.

కోడలు నోట్‌బుక్ మూసి, దాని అట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "మరి నా దగ్గర సర్టిఫికెట్లు లేవు గదా," అంది.

"మామ ఎందుకున్నడు? ఫికర్ చెయ్యకు."

సంఘాలవాళ్లు ఎప్పుడూ అవసరం కన్నా ఎక్కువ కొట్టిస్తారు. సంతకాలు పడి, పేరు మాత్రం ఖాళీగా ఉన్నవి నా బీరువాలో కట్టలుగా మిగిలిపోతాయి. వాటిలోంచి పదకొండు తీసి ఆమె పేరు వేశాను. రక్తదాన శిబిరానిది కూడా వేశాను. పద్దెనిమిది నిండని పిల్ల రక్తం ఇవ్వకూడదని గుర్తొచ్చి కింద "వాలంటీర్" అని చేర్చాను.

"నేను వీటికి పోలే గదా మామా?"

"అందరు ఇట్లనే చేస్తరే పిచ్చిదానా."

వ్యాసం నేనే కొత్తది టైపు చేశాను. "చిన్నప్పటి నుంచి నాకు సమాజసేవ అంటే ఎంతో ఆసక్తి" అని మొదలవుతుంది. ఆ వాక్యం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఎన్ని కరపత్రాల మీద వేశానో నాకే గుర్తులేదు. తొడుగుల మాట ఎక్కడా లేదు. పంపే ముందు కోడలు నా పక్కన నిలబడి మొత్తం చదివింది. "ఇది నేనేనా మామా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. మీట నొక్కింది ఆమే. ఆ సాయంత్రం చెల్లె ఫోన్ చేసి, "ఆదివారం గిరాకి ఇడిచిపెట్టి కూసున్నవట అన్నా," అని మురిసిపోయింది.

కోడలికి ఇంటర్వ్యూ కూడా రాలేదు. రెండు వాక్యాల మెయిలు వచ్చింది. ఆ రోజు నాకు ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. మా అమ్మాయికి ఇంటర్వ్యూ వచ్చింది కానీ దాటలేదు. రఘునాథపల్లి పిల్లలు ఏ పుస్తకం ఎక్కువ ఇష్టపడ్డారని అడిగారట. "తెల్వదు అని చెప్పిన డాడీ," అంది వచ్చి. ఆమెకు రానందుకు బాధపడ్డాను, కానీ కోడలికి కూడా రాలేదన్నది ఆ బాధ కింద దిండులాగా ఉండింది.

చెల్లె మా ఇంటికి వచ్చింది. "రాకపోతే రాకపాయె అన్నా. నువ్వైతే నీ బిడ్డకు చేసినట్టు చేసినవ్," అంది. మా ఆవిడ చాయ్ తెచ్చిచ్చింది. నేను టీవీ సౌండు పెంచాను.

ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయి షాపులో కూర్చునేది. కంప్యూటర్ నిండిపోయిందని పాత ఫైళ్లు తీసేస్తుంటే ఆ నోట్‌బుక్ స్కాన్లు, చేతిరాత వ్యాసం కనిపించాయి. నేను గిరాకీతో మాట్లాడి వచ్చేసరికి మొత్తం చదివి కూర్చుంది.

"డాడీ, ఇది ఎందుకు పంపలే?"

"వాళ్లకు అక్కరకు రాదని..."

"హైదరాబాద్ సార్ చెప్పిన నాడు నువ్వు నా పక్కనే కూసున్నవ్."

నేను మెషీన్ దగ్గరికి పోయి, ఆగని మెషీన్‌ను ఆపి మళ్లీ నడిపించాను. ఆమె అక్కడికే వచ్చింది.

"నా కోసం చేసినవా ఇది? నన్ను అడిగినవా? దాని అసుంటి పని నేను చెయ్యలేదని నాకు తెలుసు. అందుకు నాకు బాధ లేకుండె. ఇప్పుడున్నది." మెషీన్ తనే ఆపేసి, "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది.

మర్నాడు పొద్దున్నే ఎనుమాముల పోయాను. ముందు షెడ్డుకు పోయాను, చెల్లె ఒక్కతే దొరికితే చెప్పడం తేలికని. లోపల అడుగుపెట్టగానే ఘాటుకు దగ్గు అందుకుంది. మిర్చి కుప్పల చుట్టూ ఆడవాళ్లు మూతులకు తువ్వాళ్లు కట్టుకుని కూర్చున్నారు. అందరివీ వట్టి చేతులే.

"తొడుగులేవి?" అని అడిగాను చెల్లెను.

"ఎక్కడియి అన్నా! పిల్ల కుట్టుడే బంద్ పెట్టింది. నాలుగు నెలలాయె. ఉన్నయి చినిగిపోయినయి. పెద్ద కాలేజోళ్లకు చూపెట్టే పని కాదట గదా, అడిగితే నా మీదికే లేస్తాంది."

ఇక అది పిల్ల ముందే చెప్పాలి. చెల్లెను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. కోడలు డిగ్రీ కాలేజీల లిస్టు ముందేసుకుని కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను. కౌన్సెలర్ మాట, నోట్‌బుక్ చదివినప్పుడు నాకు పుట్టిన బుద్ధి, సర్టిఫికెట్లు ఎందుకు పెట్టించానో, అన్నీ.

"నువ్వు తెల్వక చెప్పినవనుకున్న మామా," అంది కోడలు. "తెలిసే చెప్పినవా?"

"తెలిసే."

"తొడుగులు దేనికీ పనికిరావని నువ్వు చెప్తే నిజమే అనుకున్న. అంత పెద్ద షాపున్నోడు, మా మామ, ఊకెనే చెప్తడా అనుకున్న." గొంతు పెంచలేదు. "సీటు సంగతి ఇడిచిపెట్టు. వీళ్లు నాలుగు నెలలు వట్టి చేతులతోని చేసిండ్రు."

చెల్లె గడప మీద కూర్చుని వింది. నా వైపు చూడకుండా అంది: "నన్ను చదువు మాన్పిచ్చినప్పుడు నువ్వు పోరనివి అన్నా. నీ తప్పని నేను ఎన్నడనలే. ఇప్పుడేమనాలె?"

ఎండలో నడిచి కారు దగ్గరికి వచ్చాను.

కోడలు హన్మకొండలో డిగ్రీలో చేరింది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. మా అమ్మాయి కూడా హన్మకొండలోనే కామర్స్‌లో చేరి, ఆదివారాలు షాపుకు రాకుండా ఎనుమాముల పోయి గుడ్డలు కత్తిరించేది. వద్దనే మొహం నాకు లేదు.

చలికాలంలో కోడలు షాపుకు వచ్చింది. అదే యూనివర్సిటీకి మళ్లీ వేస్తోందట, ఫారం ఇంగ్లీష్ మేడమ్ దగ్గర నింపుకుంటోందట. ఇంతకు ముందు అప్లై చేశారా, చేస్తే అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని అందులో ఒక ప్రశ్న ఉందట.

"పోయినేడు పెట్టిన సర్టిఫికెట్లు దొంగవని రాస్తాన మామా. నువ్వు కూడ ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టాలె."

"సోయి ఉండే మాట్లాడుతానవా బిడ్డా? దొంగ కాగితాలు పెట్టినమని మనంతట మనం చెప్పుకుంటే ఇగ తలుపు మూసుకున్నట్టే. వాళ్లకు తెల్వది గదా!"

"ఈసారి నిజంగనే నా మంచికి చెప్తానవ్, నాకెరుక," అంది. "కానీ మీట నొక్కింది నేను. పోలేదని తెలిసి కూడ ఊకున్న. అంత నీ ఒక్కని మీద పెట్టి నేను తప్పుకోను. ఇట్ల చెప్తే రాదంటవా, రాకపోనీ."

ఉత్తరం రెండు పేజీలు రాశాను. అందులో నా చిన్నతనం, నా చెల్లెలి చదువు, తండ్రిగా నా ఆరాటం, నా పశ్చాత్తాపం అన్నీ ఉన్నాయి. కోడలు పెన్సిల్ తీసుకుని ఒక్కొక్క పేరా కొట్టేసింది. "ఇది నీ ముచ్చట మామా. వాళ్లకెందుకు?" చివరికి ఏడు వాక్యాలు మిగిలాయి. ఏం చేశానో అది. కింద సంతకం.

ఇంటర్వ్యూ వచ్చింది. అయ్యాక ఫోన్ చేశాను.

"గంటసేపు తొడుగుల గురించే," అంది. "నాడా ముడి గురించి ఒకాయన అడిగిందే అడిగిండు."

"నా ఉత్తరం?"

"ఒక్కటే అడిగిండ్రు. మీ మామతోని ఇప్పుడు మాట్లాడుతవా అని."

"ఏమన్నవ్?"

"మాట్లాడుత అన్న. కానీ ఆయన ఏం చెప్పినా ఇంకొకళ్లను కూడ అడుగుత అన్న."

నెల రోజులకు సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు అన్నీ వాళ్లే పెట్టుకుంటున్నారు. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. నేను స్వీట్లు తేవడానికి బయటికి వచ్చి, మిఠాయి దుకాణం ముందు బండి మీద అట్లాగే కూర్చుండిపోయాను. మళ్లీ అదే కుళ్లు. తప్పు ఒప్పుకుంటే అది పోతుందనుకున్నాను. పోలేదు. మా అమ్మాయి పక్కనే ఉండి గుడ్డలు కత్తిరించింది, ఆమె పేరు ఎక్కడా లేదు అని లోపల ఎవరో లెక్క తీస్తూనే ఉన్నారు. స్వీట్లు మాత్రం కొన్నాను.

పోయిన ఆదివారం, సీటు వచ్చినందుకు, చెల్లె వాళ్లింట్లో అందరికీ బువ్వ పెట్టారు. చుట్టాలంతా బంతిలో కూర్చున్నాం. మా పెదనాయన చెయ్యి ఎత్తి అందరికీ వినపడేటట్టు అన్నాడు: "మేనమామంటే గిట్లుండాలె. పోయినేడు రాకున్నా ఇడ్వకుంట రెండోసారి కూడ దగ్గరుండి ఏపిచ్చిండు."

అందరూ నా వైపు తిరిగారు. కూర వడ్డిస్తున్న చెల్లె చేతిలో గరిటె ఆగింది. కోడలు నీళ్ల జగ్గు పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది. కాదు అన్న ఒక్క మాట చాలు.

"నాదేమున్నది పెదనాయనా, అంత పిల్ల తెలివి," అన్నాను.

ఆ వినయానికి ఇంకా మెచ్చుకున్నారు. కోడలు నా గ్లాసు నిండా నీళ్లు పోసి, పక్కవాళ్ల దగ్గరికి పోయింది.

అందుకే ఇదంతా రాశాను. ఆ బంతిలో కూర్చున్న ప్రతి ఇంటికీ ఒక కాపీ పంపిస్తాను. మొదటిది పెదనాయనకు. ఆయనకు చూపు సరిగా ఆనదు, ఎవరో ఒకరు చదివి వినిపించాలి. మా అమ్మాయి తాను చదువుతానంది. వద్దన్నాను. రేపు పొద్దున నేనే పోయి, ఆయన పక్కన కూర్చుని, మొదటి నుంచి చదువుతాను.